మినా ప్లాట్కిన్, కోడిపెట్ట పాట

మినా ప్లాట్కిన్ పాట రాసేటప్పుడు నోట్లో ఒక గుండీ వేసుకుని చప్పరించేది. న్యూయార్క్‌లోని బ్రౌన్స్‌విల్ పేటలో వాళ్ళ నాన్నకు గుండీల కొట్టు ఉండేది. పదహారో ఏట నుంచి ఆ కొట్లో కూర్చుని రంగుల వారీగా గుండీలు ఏరుతూ, మనసులో పాటలు కట్టుకున్న మనిషి. బ్రాడ్‌వేలో గది దొరికాక కొట్టు వదిలేసింది గానీ గుండీని వదల్లేదు. మంచి చరణం తగిలితే దాన్ని బుగ్గన పెట్టుకుని నవ్వేది. తగలకపోతే టకటకా కొరికేది. ఆ చప్పుడు నా బల్ల దాకా వినబడేది.

నా పేరు ఫిలిస్ గ్రేబర్. పాటలు రాయించి గాయకులకు అమ్మే బ్రాడ్‌కిన్ గారి ఆఫీసులో టైపిస్టుని. నా ఎదురుగా వరసగా తొమ్మిది గదులు. ఒక్కో గదిలో ఒక పియానో, ఒక బెంచీ, ఇద్దరు మనుషులు. మూడో మనిషి వస్తే తలుపు మూసుకోదు. గోడలు అట్టముక్కలంత పలచన. ఒక గదిలో ఎవరైనా చందమామ అన్నారంటే గంట తిరిగేసరికి అంతస్తంతా చందమామలే. అందుకే మినా గది బయటికి వినబడేలా ఎప్పుడూ ఉత్తుత్తి మాటలే పాడేది. అసలు మాటలు కార్మైన్ చెవిలో చెప్పేది. కార్మైన్ టెస్టా అంటే ఆమెకు బాణీలు కట్టేవాడు. శని, ఆదివారాలు బెన్సన్‌హర్స్ట్ పేట పెళ్ళిళ్ళలో అకార్డియన్ వాయించేవాడు. వాళ్ళిద్దరి మాట వింటే శత్రువులనుకుంటారు.

"ఇది బాణీయా, మీ పెదనాన్న శవం మీద వాయించిన పాటా?" అనేది మినా.

"తల్లీ, నువ్వు రాసిన మాటలకు ఆ పాటే ఎక్కువ" అనేవాడు కార్మైన్. ఆ తర్వాత ఇద్దరూ ఒకే ఊరగాయ దోసకాయను చెరిసగం కొరుక్కుని తినేవాళ్ళు.

1958 వేసవికి వాళ్ళ పాట ఒక్కటి కూడా రేడియోలో మోగక రెండేళ్ళయింది. అప్పుడే కాలిఫోర్నియా నుంచి కబురొచ్చింది. ఏ ఊరెళ్ళినా ఆడపిల్లలు కేకలు పెట్టి మూర్ఛపోయే డేల్ హార్‌గ్రోవ్ కొత్త సినిమా చేస్తున్నాడు. ఎనిమిది పాటలు కావాలి. ఆ ఎనిమిదీ కలిపి ఒక ఎల్పీ రికార్డు. భవనమంతా పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. బ్రాడ్‌కిన్ గారు పన్నెండు మందిని ఏరి పనిలో పెట్టారు. ఆ పన్నెండు మందిలో మినా, కార్మైన్ లేరు.

శుక్రవారం మధ్యాహ్నం మినా ఆయన గదిలోకి వెళ్ళి పోట్లాడింది. తలుపు తెరిచే ఉంది కాబట్టి అంతా విన్నాను.

"ఏమ్మా మినా, నా మాట విను. మీ నాన్న కొట్టు బంగారంలా ఉంది. వెళ్ళి హాయిగా కూర్చో."

"ఆ కొట్లో కూర్చుంటే నేను చచ్చిపోతాను బ్రాడ్‌కిన్ గారూ. ఊరికే అనడం లేదు, నిజంగా చచ్చిపోతాను."

ఆయన చాలాసేపు ముక్కు గోక్కున్నారు. "సరే. ఒక్క సన్నివేశం ఇస్తాను. సోమవారానికల్లా పాట కావాలి. ఆ సినిమాలో నీ పాట లేకపోతే ఒకటో తారీఖున గది ఖాళీ చెయ్యి. బయట నలుగురు కాచుకుని ఉన్నారు."

మినా బయటికొచ్చింది. మొహం పాలిపోయి ఉంది. నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే ఆ ఆఫీసులో నన్ను నవ్వించే మనిషి ఆమె ఒక్కతే. ఏడుస్తూ, ఒక చేత్తో గుడ్డు శాండ్‌విచ్ తింటూ, ఇంకో చేత్తో ఆమెకు సన్నివేశం కాగితం టైపు చేసి ఇచ్చాను. మిగతా వాళ్ళందరికీ కార్బన్ కాపీలు ముందే వెళ్ళిపోయాయి. ఆమె కోసం మాత్రం విడిగా కొట్టాల్సి వచ్చింది. అక్కడే పప్పులో కాలేశాను.

సోమవారం పొద్దున కార్మైన్ గొంతుతో పాడిన నమూనా రికార్డు వచ్చింది. పాట మాటలు టైపు చేసి దానికి జత చెయ్యాలి. పార్సిల్ పట్టుకెళ్ళే మనిషి నా బల్ల పక్కనే నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. నేను కొట్టడం మొదలుపెట్టాను.

*ఊరు ఊరంతా నాకు తలుపేసుకుంది,*
*నువ్వొక్కదానివే నా వాకిట్లో గింజలేరుకున్నావు.*
*రెక్క విదిలించకు, కాస్త నిలబడు పెట్టా,*
*ఆ పిల్లతో చెప్పలేనిది నీతో చెబుతాను.*

పెట్టా? నా చేతులు ఆగిపోయాయి. సొరుగు లాగి సన్నివేశం అసలు కాగితం తీశాను. ముప్ఫై ఒకటో సన్నివేశం. వంటగది. హీరో 'ఆమె' కోసం పాడతాడు, ఆమె బదులు పలకదు. అదీ అసలు సంగతి. ఇంగ్లీషులో 'ఆమె'ను చెప్పే 'హర్' అన్న మాటలో చివరి అక్షరం ఒక్కటి మారితే 'హెన్', అంటే కోడిపెట్ట అవుతుంది. నేను మార్చేశాను. హీరో కోడిపెట్ట కోసం పాడతాడు, అది బదులు పలకదు. మినా పాపం అలాగే రాసుకొచ్చింది.

అప్పుడే లేచి చెప్పాల్సింది. చెబితే నా ఉద్యోగం పోతుంది, రాయడానికి మినాకు గంట కూడా వ్యవధి లేదు. ఇవన్నీ సాకులు. నిజం చెప్పాలంటే భయపడ్డాను. "అయిందా అమ్మా?" అన్నాడు పార్సిల్ మనిషి. అయింది అన్నాను. కోడిపెట్ట విమానమెక్కింది.

ఆ మూడు వారాలు నాకు అన్నం సయించలేదు. మినా మాత్రం ఈల వేసుకుంటూ తిరిగింది. "ఏమే ఫిలిస్, మొహం అలా వేలాడేశావ్? మొగుడేమన్నా అన్నాడా? ఉండు, వాడి మీద ఒక పాట రాసి పారేస్తాను" అనేది. నేను ఒకటో తారీఖు ఎన్నాళ్ళుందా అని వేళ్ళ మీద లెక్క పెట్టుకునేదాన్ని.

ఇరవై తొమ్మిదో తారీఖున ఫోన్ మోగింది. బ్రాడ్‌కిన్ గారు పది నిమిషాలు మాట్లాడి, నోరు వెళ్ళబెట్టుకుని బయటికొచ్చారు.

"ఎవరమ్మా ఇక్కడ కోడి గురించి రాసింది?"

నా ప్రాణం పోయింది. మినా గది తలుపు తెరుచుకుంది. "నేనే" అంది, గుండీ బుగ్గన పెట్టుకుని.

సంగతేమిటంటే, ఆ సన్నివేశానికి భవనం నలుమూలల నుంచి పంతొమ్మిది పాటలు వెళ్ళాయి. అన్నిట్లో కన్నీళ్ళు, వాన, చందమామ. డేల్ హార్‌గ్రోవ్ ఆవులిస్తూ వింటున్నాడట. కోడి రాగానే సోఫాలోంచి కిందికి జారి కడుపు చెక్కలయ్యేలా నవ్వాడట. చిన్నప్పుడు వాళ్ళ పెరట్లో కోళ్ళకే పాటలు వినిపించేవాడట. నవ్వు ఆగాక ఇంకోసారి పెట్టమన్నాడు. మూడోసారి విన్నాక కళ్ళు తుడుచుకుని, ఇది తప్ప ఇంకోటి పాడనన్నాడు. దర్శకుడు కాసేపు గొణిగి సన్నివేశం మార్చాడు. కుర్రాడు వంటింట్లో కోడితో మొర పెట్టుకుంటాడు, పిల్ల తలుపు చాటున నిలబడి అంతా వింటుంది. కుదురుగా కూర్చునే కోడి దొరకడానికి మూడు కోళ్ళు మార్చారని తర్వాత తెలిసింది.

ఎల్పీలో రెండో వైపు నాలుగో పాట అది. రికార్డు మీద రాసినవాళ్ళ పేర్లలో డేల్ హార్‌గ్రోవ్ పేరు కూడా వేశారు. కామా కూడా అతను పెట్టలేదు, అయినా పెద్ద గాయకుడు పాడితే పేరు అతుక్కోవడం మా వ్యాపారంలో ఆచారం. ఆ పేర్ల కాగితం టైపు చేసింది నేనే. మినా ప్లాట్కిన్ అన్న పేరును పదకొండు సార్లు సరిచూసుకున్నాను. ఆ వారం ఆమె రికార్డును కొట్టుకి పట్టుకెళ్ళి నాన్నకు వినిపించింది. ఆయన చివరి దాకా విని, "కోడి సంగతి బానే ఉంది. ఈ అరుస్తున్నవాడెవడు?" అన్నాడట.

గది మినాకే ఉండిపోయింది, ఇంకో పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళూ ప్రతి శుక్రవారం నేను ఆమెకు గుడ్డు శాండ్‌విచ్ తెచ్చి పెట్టాను. ఎందుకని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. చివరికి ఆఫీసు మూసేసిన రోజు, కింద హోటల్లో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఇక ఆగలేకపోయాను.

"మినా, ఆ కోడి... నా తప్పు. సన్నివేశంలో కోడి లేదు. నేనే ఒక అక్షరం తప్పు కొట్టాను."

ఆమె ఊరగాయ దోసకాయ కొరుకుతూ, "తెలుసు" అంది.

"ఎప్పటి నుంచి?"

"ఆ శుక్రవారమే. లిఫ్టులో నా ముందు నిలబడ్డవాడి చేతిలో అసలు కాపీ చూశాను."

నేను కుర్చీలో ముందుకు జరిగాను. "తెలిసి తెలిసి గది పణంగా పెట్టావా? గుండీల కొట్టు గుర్తు రాలేదా?"

"రాకేం? రాత్రంతా అదే కళ్ళముందు కనబడింది. కానీ ఫిలిస్, ఆ పిల్ల కోసం పన్నెండు మంది రాస్తున్నారు. కోడికి ఎవరున్నారు?"

"మరి ఆ రోజే నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా! పదకొండేళ్ళు కుమిలిపోయాను."

మినా నా చెయ్యి పట్టుకుంది. మాట్లాడుతుంటే బుగ్గలో గుండీ కదిలింది.

"చెబితే నువ్వు కాగితం సరిచేసి ఇచ్చేసేదానివి కదే."