గౌరి మెడలో పాత పలుపు

మా ధన్నూరలో పొద్దున్నే పశువులను విప్పి వాకిట్లోకి వదిలితే చాలు, మిగతాది భీమవ్వ చూసుకుంటుందంటారు. నిజానికి చూసుకునేది ఆమె కుక్క కొత్వాల్. నలభై పశువుల వెంట అటూ ఇటూ ఉరుకుతుంది. కంది చేలో మూతి పెట్టబోయినదాన్ని అదిలిస్తుంది. సాయంత్రం వాగు దగ్గర అవతలి ఊరి మంద కలిసిపోతే, మనవాటిని ఒక్కటి వదలకుండా వేరుచేసి తోలుకొస్తుంది. మోకాళ్ల నొప్పుల భీమవ్వ గట్టు మీద కూర్చుని ఈల వేస్తుంది. ఆ ఈల కూడా ఉత్త దర్జా కోసమేనని నా అనుమానం.

పక్కింటివాణ్ణి కాబట్టి చెబుతున్నాను, కొత్వాల్ గురించి ఆమె గొప్పలు వినలేక ఎన్నోసార్లు తలుపు వేసుకున్నాను. అలాంటి కుక్కే మూడు నాలుగు రోజుల పాటు ఆమె పరువు తీసింది.

భీమవ్వ కూతురు ఆర్తిని వాగవతలి ఊరికే ఇచ్చారు. రెండేళ్ల మనవడు ప్యాకెట్ పాలు తాగుతున్నాడని తెలిసి భీమవ్వకు ప్రాణం ఆగలేదు. తాను పెంచిన ఆవు గౌరిని, దూడతో సహా, స్వయంగా నడిపించుకెళ్లి కూతురి చేతికిచ్చి వచ్చింది. మర్నాడు గౌరి ఆ ఊరి మందతో మేతకొచ్చింది. సాయంత్రం కొత్వాల్ దాన్ని పట్టి మన మందలో కలిపి ఇంటికి తెచ్చేసింది. అక్కడ దూడ ఒకటే అరుపు, మనవడు ఒకటే ఏడుపు. భీమవ్వ కుంటుకుంటూ వాగు దాటి ఆవును అప్పగించి వచ్చింది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. తిట్టినా, కర్ర చూపినా కొత్వాల్ వినలేదు. వియ్యపురాలు సిద్ధమ్మకు కోపం వచ్చిందంటే రాదా మరి?

నాలుగో రోజు సాయంత్రం నేనూ వాగు దగ్గరే ఉన్నాను. సిద్ధమ్మ కొత్త తాడు ఒకటి పట్టుకుని అక్కడికే వచ్చింది.

"ఆవునిచ్చినట్టా, చూపిచ్చి గుంజుకున్నట్టా వదినె? రేపటి సంది కుక్కనన్న కట్టెయ్యి, ఆవునన్న నువ్వే ఉంచుకో."

 కుక్కను కట్టేస్తే భీమవ్వ ఆ మోకాళ్లతో నలభై పశువులను కాయలేదు. ఆవును ఉంచుకుంటే మనవడికి పాలుండవు, ఇచ్చిన మాటా ఉండదు.

అంతలోనే కొత్వాల్ పని మొదలుపెట్టింది. మందల మధ్యకు దూరి, గౌరి మెడ దగ్గర వాసన చూసి, ఇంటివైపు తోలడానికి వెనక నుంచి దాని మడమ అందుకోబోయింది. సిద్ధమ్మ అది చూసింది. దగ్గరికెళ్లి గౌరి మెడ తడిమింది.

"ఇది నీ పలుపే కదనె? పాత పలుపుతోని ఆవునెవరిస్తరు?"

మా దగ్గర పశువును ఎవరికిచ్చినా పాత పలుపు విప్పి ఇంట్లో ఉంచుకుంటారు. తీసుకునేవాళ్లు తమ పలుపు కట్టుకుంటారు. అది లేనిదే ఇచ్చినట్టు కాదు.

"బిడ్డకిచ్చేదాంట్ల బేరగాళ్ల రివాజెందుకనుకున్న," అంది భీమవ్వ తల దించుకుని.

సిద్ధమ్మ పాత పలుపు విప్పి ఆమె చేతిలో పెట్టింది. కుక్క కోసం తెచ్చిన తాడును గౌరి మెడకు కట్టింది. కొత్వాల్ మళ్లీ వాసన చూసింది. ఒక్క అడుగు వెనక్కి వేసి, పరాయి పశువును తరిమినట్టే మొరిగి, గౌరిని వాగు దాటించి వచ్చింది. సిద్ధమ్మ పడీ పడీ నవ్వింది. భీమవ్వ కూడా నవ్వింది గానీ, ఆ పలుపును గుండెకు అదుముకుని కళ్లు తుడుచుకుంది. ఆర్తిని సాగనంపిన రోజు కూడా ఆమె అలా ఏడవడం నేను చూడలేదు.

ఇప్పుడు ఆ పలుపు వాళ్లింట్లో చిలక్కొయ్యకు వేలాడుతోంది. మనవడు పాలు తాగి బొద్దుగా తయారయ్యాడు. "నేను ఇడువలేకపోయిన, మా కొత్వాల్ ఇడిసిపెట్టింది," అని భీమవ్వ కనబడినవాళ్లకల్లా చెబుతోంది. ఈసారి నేను తలుపు వేసుకోలేదు, రెండుసార్లు చెప్పించుకుని విన్నాను.