జాకీల మీద మా అత్తగారి ఇల్లు

ఆ రోజుల్లో మా వీధిలో రోడ్డు పెరిగేది. పిల్లలు పెరుగుతారనీ, కొబ్బరి మొక్కలు పెరుగుతాయనీ అందరికీ తెలుసు గానీ, రోడ్డు పెరగడం నేను కాపురానికి వచ్చాకే చూశాను. భీమవరం పక్కన చిన్న ఊరు మాది. పాత రోడ్డు తవ్వి కొత్తది వేయడమనే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. గుంటలు పడితే పాతదాని మీదే కంకర, కంకర మీద తారు, ఇంకొన్నాళ్ళకి ఆ తారు మీద సిమెంటు. మా మావగారు ఇల్లు కట్టిన కొత్తలో వీధిలోంచి మెట్లెక్కి అరుగు మీదికి వచ్చేవారట. ఆ మెట్లు ఒక్కొక్కటే రోడ్డు కిందికి వెళ్ళిపోయాయి. వాటి వెనకే అరుగూ వెళ్ళిపోయింది. నేను వచ్చేసరికి గడప వంతు కూడా అయిపోయింది. అందుకే నేను మొదటిసారి ఆ ఇంట్లో అడుగు పెట్టేటప్పుడు మా అత్తగారు హారతి పళ్ళెం పట్టుకుని, అందరిలా "కుడికాలు ముందు పెట్టి లోపలికి రామ్మా" అనలేదు. "కుడికాలు ముందు పెట్టి, కింద చూసుకుని దిగమ్మా" అన్నారు. (కొత్త పట్టుచీర కుచ్చిళ్ళు తొక్కుకుని దిగాను. నిజం చెప్పాలంటే జారాను. కొత్త కోడలు ఇంట్లోకి పరిగెత్తుకొచ్చిందని మా ఆడపడుచులు చాలాకాలం చెప్పుకున్నారు.)

ఇల్లు అలా కుంగిపోవడం నాకు దిగులుగా ఉండేది గానీ, అత్తగారికి అందులో ఒక సుఖం దొరికింది. ముందుగది కిటికీ రోడ్డుకి ఆనుకునే ఉండేది. లోపల గచ్చు కిందికీ, బయట రోడ్డు పైకీ పోవడంతో కిటికీ గట్టు సరిగ్గా వీధి మట్టానికి వచ్చింది. ఎదురింటి పిన్నిగారు మధ్యాహ్నం భోజనాలవగానే ఒక పీట తెచ్చుకుని, మా చూరు నీడలో, ఆ కిటికీ పక్కన కూర్చునేవారు. లోపల నులకమంచం మీద మా అత్తగారు. ఇద్దరి మొహాలూ ఒక ఎత్తులో ఉండేవి, మధ్యలో రెండు ఊచలు. ఒకరినొకరు "వదినా" అనుకునేవారు. చుట్టరికం ఏమీ లేదు, ఎదురుబొదురు కాపురాలే. ఆ ఊచల మధ్యలోంచి మాగాయ గిన్నెలు వెళ్ళేవి, పులుసు గిన్నెలు వచ్చేవి, ఊళ్ళో వాళ్ళందరి సంగతులూ అటూ ఇటూ తిరిగేవి. పూలమ్మాయి నించోకుండానే మూర కొలిచి లోపలికి అందించేది. పిన్నిగారికి మోకాళ్ళ నొప్పులు, మా అత్తగారికి తుంటి నొప్పి. ఒకరి గుమ్మం ఇంకొకరు ఎక్కే పని, దిగే పని లేకుండా ముప్పై ఏళ్ళ స్నేహం ఆ కిటికీలో సాగిపోయేది. నేను కాలేజీలో పాఠాలు చెప్పి ఇంటికొస్తే, వాళ్ళిద్దరి మాటల్లోంచే ఊళ్ళోకి వచ్చినట్టుండేది.

వానాకాలం వచ్చిందంటే మాత్రం ఏడుపే. మురుగుకాలవ పొంగితే నీళ్ళు గుమ్మంలోంచి రావడానికి మొహమాటపడి, ముందు పెరట్లోని స్నానాలగది తూములోంచి వచ్చేవి. మా ఆయన గడప దగ్గర ఇసుక బస్తాలు పేర్చి గర్వంగా వెనక్కి తిరిగేసరికి, వెనక వంటింట్లో గిన్నెలు తేలుతుండేవి. ఒక ఏడు ఊరవతల చేపల చెరువు గట్టు తెగి, ఆ నీళ్ళతో పాటు జానెడు కొర్రమీను మా వంటింట్లోకి వచ్చింది. నేను కెవ్వుమని స్టవ్ గట్టెక్కాను. అత్తగారు మంచం మీంచే, "అరవకమ్మాయ్, బెదిరి వెళ్ళిపోద్ది. తలుపెయ్యి ముందు" అన్నారు. కిటికీ అవతల గొడుగు వేసుకుని నించున్న పిన్నిగారు, "వదినా, అది మీ ఇంటికొచ్చిన అతిథి. పులుసు పెడతావా ఏంటి?" అంటే, "మర్యాదగానే పెడతాలే, చింతపండు కొంచెం ఎక్కువేసి" అన్నారు. మా ఆయన దాన్ని పట్టబోయి నీళ్ళలో చతికిలబడ్డారు. చేప ఎలా వచ్చిందో అలాగే వెళ్ళిపోయింది. ఆ పూట మేం ఊరగాయతో తిన్నాం.

ఆ వానల తరవాత మా ఆయనకి పౌరుషం వచ్చింది. (ఆయన హైస్కూల్లో లెక్కల మాష్టారు. లెక్క తేలకపోతే నిద్రపట్టదు.) ముందు వంటింటి వరకూ గచ్చు ఎత్తు చేయిద్దామన్నారు. మేస్త్రీ గ్రావెల్ పోసి, పైన గచ్చు చేసి వెళ్ళిపోయాక తెలిసింది, గచ్చు పెరిగింది గానీ గుమ్మం పెరగలేదని. పొడుగు మనిషి పాపం, మంచినీళ్ళు కావాలన్నా తల వంచుకునే లోపలికి రావాలి. మరిచిపోయిన రోజున ఠంగుమనేది. "పెళ్ళయిన ఇన్నాళ్ళకి వంటింట్లోకి వినయంగా వస్తున్నాడమ్మా మా అబ్బాయి" అని అత్తగారు మురిసిపోయేవారు. పైగా వంటింట్లోకి రానివ్వని నీళ్ళన్నీ నేరుగా పడగ్గదిలోకి వెళ్ళేవి. ఆ గదిలోంచి ఈ గదిలోకి ఎక్కుతూ దిగుతూ, ఇల్లంతా అడుసు ఎత్తిపోసుకుంటూ, నేనోరోజు ఏడ్చేశాను. ఆయన మర్నాడు స్కూలు నించి వస్తూనే, "ఇల్లు లేపేస్తారటోయ్! పడగొట్టకుండా, ఉన్నదున్నట్టుగా జాకీలు పెట్టి పైకి లేపేస్తారట. భీమవరంలో చేస్తున్నారు, కళ్ళారా చూసొచ్చాను" అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన ఆనందం పెళ్ళి కుదిరినప్పుడు కూడా కలగలేదు.

అత్తగారు ఒప్పుకోలేదు. "లారీ టైరు మార్చడానికి జాకీ పెడతారు గానీ ఇంటికి పెడతారంట్రా? మీ నాన్నగారు కట్టిన ఇల్లురా ఇది" అన్నారు. మేమిద్దరం ఎన్నో విధాల చెప్పాం. చివరికి ఆవిడ ఒక షరతు మీద దిగొచ్చారు. "సరే, లేపుకోండి. నేను మాత్రం ఇల్లు వదిలి ఎక్కడికీ రాను. అది లేస్తే నాతో పాటే లేస్తుంది. పడితే నాతో పాటే పడుతుంది." పని చేయడానికి వచ్చినవాళ్ళు ఎక్కడో ఉత్తరాదివాళ్ళు. వాళ్ళ పెద్ద మేస్త్రీ నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకుని ఉన్నాడు. "ఉండొచ్చు అమ్మాజీ, ఏం కాదు. గ్లాసులో నీళ్ళు పెట్టు, నీళ్ళు కూడా కదలదు" అన్నాడు. అత్తగారు అతని మాట మీదే అతన్ని పట్టుకోవాలని, ఇత్తడి గ్లాసు అంచుదాకా నింపి కిటికీ గట్టు మీద పెట్టించారు.

గోడల పక్కన కందకాలు తవ్వారు. గోడ కింద కొంచెం కొంచెంగా ఇటుకలు తీసి జాకీలు ఇరికించారు. ఒకతను ఈల వేస్తే అందరూ ఒక్కసారే తిప్పేవారు. వేలెడంత లేచేది ఇల్లు. మళ్ళీ ఈల, మళ్ళీ వేలెడు. ఊరు ఊరంతా ఎదుటి పక్కన చేరింది. జీళ్ళబండివాడు కూడా వచ్చాడు. గ్లాసులో నీళ్ళు నిజంగానే కదల్లేదు. (కానీ కాసేపటికి గ్లాసు ఖాళీ అయింది. భయానికి గొంతెండి అత్తగారే తాగేశారు.) పిన్నిగారు కందకానికి ఇవతల కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పని జరిగిన రోజులన్నీ ఆవిడ అలాగే వచ్చి కూర్చునేవారు. మొదటి రోజు ఇద్దరూ ఎప్పటిలాగే మొహాలు చూసుకుని మాట్లాడుకున్నారు. తరవాత పిన్నిగారు గడ్డం కొంచెం పైకెత్తాల్సి వచ్చింది. ఇంకా తరవాత మెడ వెనక్కి వాల్చాల్సి వచ్చింది. "ఏంటి వదినా, టిక్కెట్టు లేకుండానే స్వర్గానికి వెళ్ళిపోతున్నావ్?" అని ఆవిడ కింద నించి కేకేస్తే, "వెళ్ళి నీకూ ఓ సీటు పట్టి ఉంచుతాలే" అని మా అత్తగారు పైనించి అన్నారు. వీధంతా నవ్వింది. మా ఆయనా నేనూ అందరికంటే ఎక్కువ నవ్వాం. లోకంలో ఇంత తెలివైన పని చేసిన మొగుడూ పెళ్ళాం మేమేనని మా నమ్మకం.

ఇల్లు నిలువెత్తు లేచింది. ఆ ఏడు వానలకి చుక్క నీరు లోపలికి రాలేదు. నేను వీధి గుమ్మంలో నిలబడి కింద పారుతున్న నీళ్ళని మహారాణిలా చూశాను. అయితే ముందర చోటు లేకపోవడంతో మెట్లు నిచ్చెనలా నిటారుగా వచ్చాయి. పెరట్లో స్నానాలగది వేరే కట్టడం కాబట్టి అది లేవలేదు. దేవుడు పైన, స్నానం కింద. తుంటి నొప్పి మనిషి తడిబట్టలతో ఆ మెట్లెక్కి దీపం పెట్టుకోవాలి. పిన్నిగారి మోకాళ్ళు మా వీధిమెట్లలో మొదటిదాని దగ్గరే సెలవు తీసుకున్నాయి. కిటికీ ఇప్పుడు మనిషి తలకంటే పైకి పోయింది. కొన్నాళ్ళు అత్తగారు బుట్టకి తాడు కట్టి పప్పుచారు కిందికి దించారు. ఒకరోజు బుట్ట ఒరిగి పప్పుచారు పిన్నిగారి నడినెత్తిన పడింది. "అభిషేకం బానే ఉంది గానీ వదినా, ఉప్పు తక్కువైంది" అన్నారావిడ తల తుడుచుకుంటూ. తరవాత ఫోన్లలో మాట్లాడుకునేవారు. రోడ్డుకి ఈ పక్కన ఒకరు, ఆ పక్కన ఒకరు, ఇద్దరికీ చెవులు సరిగ్గా వినబడవు. ఫోను లేకపోయినా వినబడేంత గట్టిగా అరిచేవారు. వీధివాళ్ళంతా వింటున్నారని తెలిశాక ఊళ్ళోవాళ్ళ సంగతులు మానేశారు. అవి మానేశాక మిగిలింది "భోంచేశావా?" "చేశాను." అంతే.

మరుసటి ఏడు వానలకి మా ఇంట్లోకి వెళ్ళడానికి వీల్లేని నీళ్ళు ఎదురింట్లోకి వెళ్ళాయి. అంతకు ముందెప్పుడూ ఆ ఇంట్లోకి అంత నీరు రాలేదు. అత్తగారు కిటికీ దగ్గర నిలబడి చూసి, "ఒరే, వదినని తీసుకురారా" అన్నారు. మా ఆయనా, వీధిలో ఇంకో ముగ్గురూ కలిసి పిన్నిగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. ఆవిడ దారిపొడుగునా, "నలుగురూ మోస్తున్నారంటే పోయాననుకుంటారర్రా, కాస్త నవ్వండి" అంటూనే ఉన్నారు. నవ్వితే పట్టు జారుతుందని మా ఆయన పళ్ళు బిగబట్టి ఎక్కించారు. నీళ్ళు తీసేదాకా ఆవిడ మా ఇంట్లోనే ఉన్నారు. ఒకే మంచం మీద ఇద్దరూ ఆ చివరొకరు, ఈ చివరొకరు కాళ్ళు చాపుకుని మాట్లాడుకుంటూనే ఉండేవారు. ఒకరి మాట ఒకరు పూర్తి చేయనిచ్చేవారు కాదు. నేను పకోడీలు వేసి పెట్టడం, వాళ్ళు తిని వంకలు పెట్టడం. మా ఇంట్లో అన్ని నవ్వులు వినబడిన రోజులు నాకు మళ్ళీ గుర్తులేవు.

తరవాత పిన్నిగారి అబ్బాయి రాజమండ్రి నించి వచ్చాడు. తడిసిన గోడలు చూశాడు, తల్లి మోకాళ్ళు చూశాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "ఇంక ఇక్కడ లాభం లేదండి, మా దగ్గరికి తీసుకెళ్ళిపోతాను" అన్నాడు. అన్నీ సర్దుకుని ఆవిడ కారెక్కేటప్పుడు మా అత్తగారు కిందికి దిగడానికి సగం మెట్ల దాకా వచ్చి, తుంటి పట్టేసి అక్కడే కూర్చుండిపోయారు. కారు అద్దం దించి పిన్నిగారు చెయ్యూపారు. ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్ళు అక్కడ ఎరువుల గోడౌను కట్టారు.

అత్తగారు అడగ్గా అడగ్గా ఓ వేసవిలో మేం ముగ్గురం రాజమండ్రి వెళ్ళాం. గోదావరి గట్టుకి దగ్గర్లోనే వాళ్ళ ఇల్లు, శుభ్రంగా, చల్లగా ఉంది. పిన్నిగారి కోడలు మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి కూల్‌డ్రింకులిచ్చింది. స్నేహితురాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. "ఆరోగ్యం ఎలా ఉంది వదినా?" "పర్వాలేదు వదినా, నీకు?" "బానే ఉంది." పూలమ్మాయి ఎవరితో దెబ్బలాడిందో, ఎవరి కోడలు ఏం మాటంటే ఎవరు అన్నం మానేశారో చెప్పుకోవడానికి ఇద్దరికీ ఉమ్మడి వీధి లేదు. పిన్నిగారు పళ్ళెంలో బిస్కట్లు పేర్చి తెచ్చి, "తీసుకోండి వదినా" అన్నారు. ఆ "అండి" విని మా అత్తగారు ఒక బిస్కట్టు తీసుకుని, తినకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

తిరుగు బస్సు రావులపాలెం దాటాక అత్తగారు నా వైపు తిరిగారు. "నాకు మర్యాద చేసిందమ్మాయ్ అది" అన్నారు, ఏదో దెబ్బ తగిలినట్టు. ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టాలి కదా అని, "పోనీలెండి అత్తయ్యగారూ, ఇంట్లోకి నీళ్ళు రాకుండా మనం హాయిగా ఉన్నాం, అది చాలు" అన్నాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "అవునమ్మా, పొడిగానే ఉంది" అన్నారు. అప్పుడు నాకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. ఆవిడ మా ఇంటిని మెచ్చుకున్నారనుకుని, పక్కనున్న మా ఆయనని మోచేత్తో పొడిచి, విన్నారా అన్నట్టు చూసి నవ్వాను.