దక్షిణపు తలుపు లేని ఇల్లు

1994 జూన్‌లో నన్ను దుర్గ్ శాఖకు తనిఖీ అధికారిగా వేశారు. మాది ఇళ్ళకు అప్పులిచ్చే సంస్థ. అప్పు తీరేదాకా దస్తావేజులు మా దగ్గర తనఖాలో ఉంటాయి. ఏడాదికోసారి వెళ్ళి, అప్పు తీసుకున్న మనిషే ఆ ఇంటికి యజమానిగా ఉన్నాడా అని చూసి రావాలి. వారం ముందు కార్డు రాయడం నియమం. అందువల్ల నేను వెళ్ళేసరికి ప్రతి ఇల్లూ సున్నం వేసుకుని సిద్ధంగా ఉండేది.

ఆగస్టు 17న వైశాలి నగర్‌లో అప్పలనాయుడి ఇంటికి వెళ్ళాను. ఆయన భిలాయి ఉక్కు కర్మాగారంలో క్రేన్ ఆపరేటరు. అప్పు లక్ష, నెలకు 1,332 రూపాయల వాయిదా. నాలుగేళ్ళలో ఒక్కటీ ఆలస్యం కాలేదు. గేటు దగ్గర ఇస్త్రీ చొక్కాతో ఎదురొచ్చి, ఇల్లు తనదేనని నేను అడగకుండానే రెండుసార్లు చెప్పాడు. పక్కనున్న సూర్యనారాయణను తమ్ముడని పరిచయం చేశాడు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని దక్షిణం వైపు తిరిగి, గోడ ముందు ఆగాడు.

నా చేతిలోని ప్లానులో అక్కడ తలుపుంది. గోడకు లేదు. గొళ్ళెం కోసం చాచిన ఆయన చెయ్యి సగంలోనే నిలిచిపోయింది.

"ఇక్కడ తలుపుండాలి కదరా. ఏటి సేసినావు?"

"వాస్తు, అన్నయ్యా. దక్షిణం మాకు పడదని పంతులు సెప్పినాడు. తూరుపుకి మార్పించీసినాం."

"నాకు సెప్పొద్దేటి?"

"అమ్మీసినాక నీకెందుకులే అని..." సూర్యనారాయణ అక్కడే నాలిక కరుచుకున్నాడు.

మిగతాది అడిగితే చెప్పారు. సూర్యనారాయణకు దుర్గ్‌లో సైకిళ్ళ కొట్టు. జీతం చీటీ లేదు కాబట్టి ఎవరూ అప్పివ్వరు. రెండేళ్ళ కిందట నాయుడికి డెబ్భై వేలిచ్చి, ఒప్పంద కాగితం రాసుకుని, ఇంట్లో దిగాడు. వాయిదాలు నాయుడి పేరనే కడుతున్నాడు. నాయుడు కంపెనీ క్వార్టరులోనే ఉండి, నిరుటి తనిఖీకి వచ్చినట్టే, నా కార్డు అందాకే మళ్ళీ ఇటు వచ్చాడు. భిలాయిలో ఇలాంటి బేరాలు అప్పట్లో కొత్త కాదు. అయితే మా అనుమతి లేకుండా అమ్మితే మిగిలిన అప్పంతా ఒకేసారి కట్టాలి, లేదంటే వేలం. ఆ రోజుకు బాకీ 89,475. సైకిళ్ళ కొట్టు అమ్మినా అంత రాదు.

ఈ సంగతి చెప్పాక సూర్యనారాయణ భార్య టీ గ్లాసు నా ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"తప్పయితే తలుపు పాత సోటే పెట్టించీత్తాం మేడంగారూ. ఇల్లు మాత్రం లాగీసుకోకండి."

"ఆ తలుపు టేకుది," అన్నాడు నాయుడు. "ఎక్కడెట్టినారు?" కొట్టుకు బిగించారట. ఆయనకు అంతవరకూ లేని బాధ అప్పుడు మొహంలో కనిపించింది.

నివేదికలో రెండు తప్పులూ రాశాను: అనుమతి లేని అమ్మకం, అనుమతి లేని తలుపు. మేనేజరు అప్పు వెనక్కి రప్పించే నోటీసు తయారుచేయమన్నాడు. ఇరవై నాలుగు వాయిదాలూ గడువుకు ముందే కట్టింది కొన్నవాడేనని రాసి, పేరు మార్చడమే సంస్థకు లాభమని ప్రాంతీయ కార్యాలయానికి పంపాను. 1995 జనవరిలో ఒప్పుకున్నారు. షరతులు రెండు: తూర్పు తలుపుతో కొత్త ప్లాను ఇవ్వాలి, నాయుడు హామీదారుగా ఉండాలి. ఇల్లు అమ్మీసినా కాపలా తప్పలేదని గొణుగుతూనే నాయుడు సంతకం పెట్టాడు.

తనిఖీలో ముందుగా ప్లాను విప్పకూడదని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా గేటు దగ్గర ఆగి, యజమానినన్నవాణ్ణి ముందు నడవమనేదాన్ని.