ఎడమ చెయ్యి పట్టుకునేటాయన

ఇప్పటికీ ఎవరన్న ప్రేమగ నా ఎడమ చెయ్యి పట్టుకుంటే బొటనవేలు పిడికిట్ల దాసుకుంట.

మా ఊరు ముడిమ్యాలల ఏ ఇంట్ల ముసలోళ్లు మంచం పట్టినా ఆయన వచ్చేటోడు. మా పక్కింటాయనే, అందరం అన్న అనే పిలిచేటోళ్లం. కొబ్బరిబోండం పట్టుకొచ్చి, మంచం పక్కన కూసొని, ముసలాయన ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకొని బొటనవేలు మెల్లగ నిమిరేటోడు. "ఫికర్ చెయ్యకు పటేలా, నేనున్న గద" అనేటోడు. మా తాత సోయి తప్పి, తెలివి లేకుంట పడున్నప్పుడు గూడ అట్లనే కూసున్నడు. ఎంత మంచోడో అనుకున్న.

తాత పోయినంక స్నానం చేపిస్తుంటే ఎడమ బొటనవేలికి నీలిసిరా కనపడ్డది. ఎంత రుద్దినా పోలే. దినాలు గాకముందే బాపు తమ్ముడు, మా కాక, వీలునామా బయటికి తీసిండు. మొయినాబాద్ రోడ్డు మీది భూమంతా కాకకేనట. కింద వేలిముద్ర ఉన్నది. తాతేమో బతికినన్నాళ్లు ఉర్దూల సంతకం పెట్టిన మనిషి.

అది చెల్లదని బాపు చేవెళ్ల కోర్టుల కేసేసిండు. కాక దిక్కు సాక్షిగా బోనెక్కింది ఆ అన్ననే.

"సోయి లేని మనిషి వేలిముద్ర ఎట్ల ఏసిండు?" అని మా వకీలు అడిగిండు.

"సోయిలనే ఉన్నడు సారూ. చెయ్యి వణుకుతుంటే నేనే పట్టుకున్న." ఆయన జర గూడ తడబడలే.

బయట బెంచీ మీద బాపుకు దగ్గు తెర ఆగుతలేదు. ఆ అన్న నీళ్లసీస పట్టుకొని వచ్చి పక్కనే కూసున్నడు.

"కేసు కేసే, పానం పానమే. షుగర్ ఎట్లున్నది పటేలా?" అనుకుంట బాపు ఎడమ చెయ్యి అందుకొని, బొటనవేలు నిమరవట్టిండు.

బాపు చెయ్యి గుంజుకోలే.