ఖాళీ జాడీకి పడ్డ మార్కులు

ఇవాళ పొద్దున్న వంటింట్లోంచి గలగలమని బియ్యం చప్పుడు వినిపించింది. మా అమ్మాయి హారిక కుక్కర్‌లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి జాడీలో వేస్తోంది. నేను చెప్పకుండానే! ఆ చప్పుడు వింటే చాలు, నాకు సున్‌జా ఆంటీ గుర్తొస్తుంది. ఇక్కడ సింగపూర్‌లో, టోవా పాయోలో మా పక్క ఫ్లాట్‌లో కొడుకు దగ్గర ఉండేది ఆ కొరియా పెద్దావిడ.

మేము ఫ్లాట్ కొనుక్కుని చేరిన కొత్తలో, ఒకరోజు నేను ముగ్గురికి బియ్యం కొలుస్తుంటే వచ్చి, గిన్నెలో చెయ్యి పెట్టి పిడికెడు తీసేసింది.

"అదేంటి ఆంటీ, సరిపోదు!" అన్నాను.

"సరిపోతుంది లా! ముందే తీయి. తిన్నాక మిగిలింది దాస్తానంటే ఏదీ మిగలదు" అంది. ఆవిడ మాట్లాడింది మాట చివర 'లా' తగిలించే సింగపూర్ ఇంగ్లీషే అయినా, నా చెవుల్లో ఇప్పటికీ తెలుగులోనే మోగుతుంది.

వాళ్ల ఊళ్లో కోడలు పూటపూటా అలా తీసి జాడీలో వేయాలట. నెలకోసారి ఆవిడ అత్తగారు మూత తీసి, అడుగుదాకా చెయ్యి పెట్టి చూసేదట. నేను ఒంగోలుదాన్ని, అన్నం దగ్గర ఈ లెక్కలేమిటని ఒళ్లు మండింది. "పిసినారి ముసల్ది" అని తెలుగులో గొణుక్కున్నాను కూడా. అయినా చేశాను. మెల్లగా మా ఆయన జీతం విషయంలోనూ అదే పద్ధతి పట్టాను. పడ్డ రోజే కొంత పక్కకు పెట్టేసేదాన్ని.

హారిక స్కూలు చివరి పరీక్షల ఏడాదే మా ఆయన ఉద్యోగం పోయింది. "ఫ్లాట్ అమ్మేసి ఒంగోలు వెళ్లిపోదాం" అన్నారాయన. పిల్ల పరీక్షలయ్యేదాకా కదిలేది లేదని మొండికేశాను. అక్కడితో ఆగానా! దాచింది ముట్టుకోకూడదని పిల్లకు పాలు, గుడ్లు మానేసి, రెండు పూటలా పల్చటి మజ్జిగన్నం పెట్టాను.

ఒక మధ్యాహ్నం ఆంటీ వచ్చి హారిక కంచం చూసింది. తిన్నగా వెళ్లి జాడీ మూత తీసింది. అంచుదాకా బియ్యం!

"ఇంత పెట్టుకుని పిల్ల కడుపు మాడుస్తావా? పంట పోయిన ఏడు మా అత్త జాడీ మొత్తం గుమ్మరించి అందరికీ కడుపునిండా పెట్టింది. ఇలాంటి రోజుకేగా దాచాం, ఏడవకుండా తీయమంది" అని అరిచింది.

ఆ బియ్యంతో తనే వండి వడ్డించింది. "ఆంటీ, ఇంకొంచెం!" అని హారిక మళ్లీ మళ్లీ అడుగుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడే బ్యాంకుకెళ్లి డిపాజిట్ తీశాను. మా ఆయనకు మళ్లీ ఉద్యోగం దొరికేదాకా అదే మమ్మల్ని నిలబెట్టింది. హారిక పరీక్షలు ఇక్కడే రాసింది.

తర్వాత కొన్నాళ్లకు ఆంటీ కొరియా వెళ్లిపోతూ మా ఇంటికొచ్చింది. జాడీలో అడుగుదాకా చెయ్యి పెట్టింది. ఆ పొద్దున్నే మళ్లీ వేయడం మొదలుపెట్టాను, ఒకే ఒక్క పిడికెడుంది. తల దించుకున్నాను. ఆవిడ నా వీపు మీద ఒక్కటి చరిచి, "పాస్ లా!" అంది. చదువుకున్న రోజుల్లో ఏ మార్కులకూ అంత పొంగిపోలేదు నేను.

ఇందాక నేనూ మూత తీసి, హారిక చూస్తుండగా జాడీలో చెయ్యి పెట్టాను. అది ఊపిరి బిగబట్టి నిలబడింది.

"పాస్ లా!" అన్నాను.