ఆదిబాబుకి నమ్మకం కుదరలేదు

ఎవరేం చెప్పినా ఆదిబాబు నమ్మడు. "వాన పడతంది బావా" అంటే గుమ్మంలోకి వచ్చి అరచెయ్యి చాపి చూస్తాడు. చెయ్యి తడిస్తే, డాబా మీంచి ఎవరైనా నీళ్లు ఒంపుతున్నారేమోనని తల పైకెత్తి చూస్తాడు. జంషెడ్‌పూర్ సిద్ధగోరా పేటలో పక్క క్వార్టరులోనే కాపురమున్న పాపానికి, ఆ అనుమానాలన్నిటికీ మొదటి ముద్దాయి అతని బావమరిది సూర్యం.

ఈ జబ్బు మద్రాసులో అంటుకుంది. కుర్రతనంలో జంషెడ్‌పూర్ నుంచి వేషాల కోసం వెళ్లి, పద్నాలుగేళ్లలో ఇరవై రెండు సినిమాల్లో విలన్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదటి రోజే సెట్టింగులో రాజుగారి కోటగోడకు ఆనుకుంటే గోడ వెనక్కి పడింది, గోడతోపాటు అతనూ పడ్డాడు. పళ్లెంలో ఆపిల్ కొరికితే మైనం. అమ్మ వేషం వేసినావిడ ఏడుస్తుంటే తట్టుకోలేక తనూ ఏడ్చాడు. తీరా ఆవిడ కళ్లు తుడుచుకుని, "ఆ గ్లిజరిన్ సీసా ఇలా పట్రా" అంది. 1975లో తిరిగొచ్చేసరికి, సొంతింటి గోడను కూడా వేలితో తట్టి చూశాకే వీపు ఆనించేవాడు.

వచ్చిన కొత్తలో తెలుగువాళ్ల సభలన్నిటికీ అతనే ముఖ్య అతిథి. దండ వేస్తే చీమలున్నాయేమోనని తిప్పి చూసేవాడు. అభిమాని దొరికితే ఇక విచారణే.

"ఆప్‌కా పిక్చర్ దేఖా భాయ్‌సాబ్, బహుత్ అచ్ఛా!" అంటూ ఓసారి అగ్రికో బజారులో బట్టల కొట్టాయన అతని సినిమాని మెచ్చుకున్నాడు.

"అలాగా! నా చొక్కా ఏ రంగు?"

"లాల్... ఎరుపు."

"అబద్ధం! అది బ్లాక్ అండ్ వైట్ సినిమా!"

ఆ పూట వెంట వెళ్లిన సూర్యం కొనాలనుకున్న చీర కొనకుండానే ఇంటికొచ్చాడు.

రాజకీయాల్లోకి కూడా అతన్ని అనుమానమే లాక్కెళ్లింది. ఒక బస్తీలో కొత్త కుళాయి ప్రారంభోత్సవానికి పిలిచారు. ఆఫీసరు ఉపన్యాసం ముగించి కత్తెర అందించాడు.

"ముందు నీళ్లు రానీండి" అన్నాడు ఆదిబాబు.

"సాయంత్రం వస్తాయండీ. ముందు రిబ్బను..."

ఆదిబాబు వంగి కుళాయిని ఒక్క గుంజు గుంజాడు. పైపుతో సహా చేతిలోకి వచ్చేసింది. జానెడు పైపు, దాని కింద ఉత్త మట్టి.

"సెట్టింగు!" అని అరిచాడు. జనం ఈలలు వేశారు.

మర్నాటి నుంచి రేషను కార్డు రానివాళ్లు, దీపాలు వెలగని వీధులవాళ్లు అతని గుమ్మంలో నిలబడ్డారు. వాళ్లనీ నమ్మలేదు. స్వయంగా వెళ్లి చూసొచ్చాకే అర్జీ రాశాడు. అర్జీ తీసుకున్న గుమస్తానీ నమ్మలేదు. వారం వారం వెళ్లి బల్ల ఎదుట కూర్చున్నాడు. అర్జీలు ఊరేగింపులయ్యాయి, ఊరేగింపులు సభలయ్యాయి. పదేళ్లు తిరిగేసరికి, 1985 శాసనసభ ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్ వేసి కూర్చున్నాడు.

ప్రచారం సూర్యం నెత్తిన పడింది.

"బావా, దండం పెట్టు, నవ్వు, ముందుకి నడు. ఎవుల్నీ ఏటీ అడక్కు."

"ఏల అడక్కూడదు? ఇలాగ సెప్పమని ఎవులు పంపినార్రా నిన్ను?"

గోవింద్‌పూర్‌లో ధర్మరాజు అనే పెద్దమనిషి గుమ్మంలోకి ఎదురొచ్చి, "మా ఇంట్లో ఆరు ఓట్లూ మీకే బాబూ" అన్నాడు.

"ఏల?" అన్నాడు ఆదిబాబు.

"ఏలేటి బాబూ, అభిమానం!"

"మీకు నానేటి సేసినానని? పొద్దున్న అవతలోడొచ్చినప్పుడూ ఇదే మాట సెప్పినావు కదూ?"

తలుపు ధడాలున మూసుకుంది. దాంతోపాటు ఆరు ఓట్లూ మూసుకుపోయాయి. సూర్యానికి ఏడుపొక్కటే తక్కువ.

పోనీ ఓట్ల మాట ఎత్తనివాళ్ల దగ్గరైనా తొందరగా కదులుతాడా అంటే అదీ లేదు. ఎవరైనా "బాగున్నాం" అంటే చాలు, అక్కడే పాతుకుపోతాడు. పోలింగు ముందురోజు మరమరాలమ్మే తవిటమ్మ గుమ్మంలో అదే జరిగింది.

"నాకేటి బాబూ, రాయిలాగున్నాను" అంది ముసలావిడ. ఆదిబాబు ఆమెనే తేరిపార చూస్తూ నిలబడిపోయాడు. ఇంకా నలభై ఇళ్లున్నాయని సూర్యం చెయ్యి పట్టి లాక్కుపోయాడు.

తెల్లారింది. పోలింగు మొదలైంది. అభ్యర్థి లేడు, ప్రచారం జీపూ లేదు. జన్మలో మొదటిసారి సూర్యానికే అనుమానం వచ్చింది. బావ అవతలివాళ్లకి అమ్ముడుపోయాడు! సైకిలెక్కి బూతు బూతుకీ తిరిగాడు. మధ్యాహ్నానికి జీపు ఒక ఆసుపత్రి ముందు కనిపించింది. వరండా బల్ల మీద ఆదిబాబు కునికిపాట్లు పడుతున్నాడు.

"ఎవులికి అమ్ముడుపోనావు బావా?"

ఆదిబాబు లోపలికి చూపించాడు. మంచం మీద తవిటమ్మ.

"నిన్న రాయిలాగున్నానంది కదరా? ఎడం చెయ్యి రొమ్ముకి అదిమి పెట్టుకుని అంది. నాకు నమ్మకం కుదర్నేదు. తెల్లారి ఎల్లి తలుపు కొడితే పలకదు. తోసుకెల్లి సూత్తే నేల మీద పడుంది. ఇంకో గంటయితే దక్కేది కాదంట. డాక్టరు సెప్పినాడు." గొంతు తగ్గించాడు. "ఇంకో డాక్టర్ని కూడా అడిగినాను. ఆయనా అదే సెప్పినాడు."

సూర్యం సైకిలుకి స్టాండు వేసి, వచ్చి బావ పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

లోపల్నుంచి తవిటమ్మ నీరసంగా పిలిచింది. "బాబూ, లెగిసి రాగలిగితే నా ఓటు నీకే ఏసేదాన్ని."

"ఏ గుర్తుకి?" అన్నాడు ఆదిబాబు వెంటనే.

"గొడుక్కి."

"సూసినావురా! నా గుర్తు నిచ్చెన!" గుట్టు దొరికిన ఆనందంతో ఆదిబాబు మొహం వెలిగిపోయింది. ముసలావిడ పళ్లు లేని నోటితో నవ్వింది.

ఓట్లు మూడు వందల పదకొండు వచ్చాయి. డిపాజిట్టు పోయింది.

"మూడొందల పదకొండు మందా? నాకేల ఏసినారు?" అని మర్నాడే ఆరా తీయడానికి బయల్దేరాడు ఆదిబాబు. ఎవరూ పిలవకుండానే సూర్యం చెప్పులు తొడుక్కుని వెంట నడిచాడు.

మొదటి గుమ్మంలోనే నూకమ్మ అనే ఆవిడ ఎదురొచ్చింది. "మాకేటి బాబూ, అందరం బాగున్నాం."

ఆదిబాబు నోరు తెరిచేలోగా సూర్యమే అందుకున్నాడు.

"నిజంగానా అప్పా? ఏదీ, ఓపాలి మీ పొయ్యి ఎలిగిందో నేదో సూడనీ."

నూకమ్మ తెల్లబోయింది. మెల్లగా తలుపు పూర్తిగా తెరిచింది.