పని చేసే చోట బొట్టు

2023. దసరాకు ఇంకా కొన్ని వారాలున్నాయి. బళ్ళారి కౌల్‌బజార్‌లో నాదొక రిపేరు అంగడి. టీవీలు బాగుచేయడంతో మొదలుపెట్టాను. గోడకు తగిలించే పలచటి టీవీలు వచ్చాక నా పని కూడా పలచబడింది. ఇప్పుడు ఆంప్లిఫయర్లు, ఇన్వర్టర్ బోర్డులు చూస్తాను. వాటితోపాటు కొన్నేళ్ళుగా పాత వీడియో గేములు కూడా వస్తున్నాయి.

ఈ వీడియో గేములు తెచ్చేవాళ్ళు పిల్లలనుకోకండి. బ్యాంకుల్లో, స్టీలు ఫ్యాక్టరీలో, ఆసుపత్రుల్లో పనిచేసే నడివయసు వాళ్ళు. చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన మిషన్లను ఎక్కడెక్కడో వెతికి కొని, అట్టపెట్టెతో సహా అల్మారాల్లో దాచుకుంటారు. చెడిపోతే పసిబిడ్డను ఆసుపత్రికి తెచ్చినట్టు తువ్వాల్లో చుట్టి నా దగ్గరికి తెస్తారు. వాళ్ళంటే నాకు ఇష్టమే. పాతదాన్ని పారేయనివాడెవడైనా నా మనిషే. వాళ్ళ నోట ఒక్క మాట వింటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట 'ఒరిజినల్'.

అసలు సంగతి ఏమిటంటే, విదేశీ కంపెనీల మిషన్లు ఆ రోజుల్లో మా బజార్లకు రానే లేవు. వచ్చినవన్నీ వాటిని చూసి చేసిన నకళ్ళు. వీటిని క్లోన్ అంటారు. టేపురికార్డర్ల పక్కన పెట్టి అమ్మేవాళ్ళు. ఆట ఉన్న డబ్బీని మేమంతా 'క్యాసెట్' అనేవాళ్ళం. క్లోన్ మూత తీస్తే లోపల మామూలు ఐసీ కనబడదు. ఒక చిన్న చిప్పు, దాని మీద గుండ్రంగా పోసిన నల్లటి లక్కలాంటి ముద్ద. మా అంగడిలో దాన్ని బొట్టు అంటాం. దాని కింద ఏముందో కనబడదు, పోతే మార్చడానికి రాదు. బొట్టు పోయిందంటే ఆ మిషన్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఆ మధ్యాహ్నం పద్మావతి అనే ఆమె వచ్చింది. నలభైకి దగ్గర పడ్డ మనిషి. పుట్టిల్లు రూపనగుడి. వాళ్ళది సేద్యం, ట్రాక్టర్లు, తర్వాత లారీలు. మొగుడికి గనుల్లో ఉద్యోగం కాబట్టి కాపురం దోణిమలై క్వార్టర్సులో. సంచిలోంచి ఒక మిషన్ తీసి బల్ల మీద పెట్టింది. తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ పసుపుబారింది. మూత మీద వేలెడంత ఎర్రటి మరక.

"అన్నా, ఇది మల్ల ఆడాల," అంది. "వచ్చే ఆదివారం ఈ గేముల వాళ్ళది మీట్ ఉండాది గదా, ఆడ పెట్టాల."

ఆ మీట్ సంగతి నాకు తెలుసు. జిల్లాలోని కలెక్టర్లంతా, అంటే పాత మిషన్లు సేకరించేవాళ్ళు, ఒక హాల్లో చేరి ఎవరి మిషన్లు వాళ్ళు బల్లల మీద పెట్టి ఆడిస్తారు. నడిపించేవాడు సందీప్. బళ్ళారి పిల్లవాడే, బెంగళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. బల్ల ఎక్కే మిషన్ ఆ రోజు తప్పకుండా నడవాలి, లోపలి బోర్డు పుట్టినప్పటిదే కావాలి, ఇవి వాళ్ళ నియమాలు.

"సందీప్ ఏమన్నాడు?" అని అడిగాను.

"ఫోన్ జేస్తే మొదలు ఏమడిగినాడో తెల్సునా అన్నా? 'మీ హస్బెండ్ కలెక్షనా మేడం?' అన్యాడు. నాది అంటి. ఫోటో పంపమన్యాడు. పంపితే, 'ఇది ఫేక్ మేడం, లోపల బోర్డు తీసేసి కొత్తది వేయించుకోండి, ఇంట్లో ఆడుకోడానికి బాగుంటుంది' అన్యాడు." ఆమె గొంతు పెంచలేదు. "నా చేతులు ఆడింది దీంట్లోనే. ఇది డూప్లికేట్ అయితే నేను ఆడిందీ డూప్లికేటేనా? ఈ బోర్డే నడవాల. దీన్నే ఆడ పెడతా."

నాకు ఆమె అప్పుడే నచ్చింది.

మూత విప్పాను. లోపలంతా ఎర్రగా ఉంది. బళ్ళారిలో ఎర్రటి పొడి కనబడితే మేం రెండో ఆలోచన చేయం. గనుల దుమ్ము. పెళ్ళైనప్పటి నుంచి దోణిమలైలో అటక మీదే పడి ఉందట, ఇంకా అడగాల్సిందేముంది? బ్రష్షుతో దులిపాను, కరెంటు ఇచ్చాను. ఇలాంటివాటి కోసమే దాచిన నా పాత డబ్బా టీవీకి తగిలించి, ఆమె క్యాసెట్ పెట్టాను. తెర నిండా బూడిదరంగు తప్ప ఇంకేమీ లేదు. క్యాసెట్ తీసి, మనమంతా చేసినట్టే నోటితో ఊది మళ్ళీ పెట్టాను. అదే బూడిద. మల్టీమీటర్‌తో చూస్తే కరెంటు అందాల్సిన చోటికి సరిగ్గానే అందుతోంది.

"బొట్టు పోయినట్టుందమ్మా," అన్నాను. "అదే అయితే నేను చేసేదేమీ లేదు."

ఆమె నా మొహం వైపు చూడలేదు, మిషన్ వైపే చూసింది. "పోయినట్టుందా, పోయిందా?" అంది.

సరైన ప్రశ్న. మళ్ళీ ఒకసారి మొత్తం చూడాల్సిందే. మిషన్ వదిలి వెళ్ళమన్నాను.

మర్నాడు కనెక్టర్ మీద కూర్చున్నాను. క్యాసెట్ దిగే పొడవాటి గాడినే కనెక్టర్ అంటాం. లోపల రెండు వరసల్లో సన్నటి రాగి పిన్నులు ఉంటాయి. ఒక పిన్ను పక్కదానికి అంటుకున్నా చాలు, ఆట మొదలు కాదు. ఆ పిన్నుల మధ్య ఎర్రటిది రాయిలా గట్టిపడి ఉంది. పుల్లకు దూది చుట్టి, ఐపీఏలో ముంచి రుద్దాను. ఐపీఏ అంటే మేం బోర్డులు కడిగే స్పిరిట్. దూది బయటికి తీసి చూస్తే, మధ్యలో నారింజ రంగు, అంచుల్లో పచ్చటి పసుపు.

గనుల దుమ్ము చచ్చినా పసుపు రంగు ఇవ్వదు. దాన్ని దేంట్లో ముంచినా తుప్పు రంగే. ఇన్నేళ్ళుగా ఆ దుమ్ము ఈ ఊళ్ళో ప్రతి మిషన్‌లోంచీ దులుపుతున్నవాణ్ణి, నాకు తెలియదా? వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాను. అది కుంకుమ. పసుపు, సున్నం కలిపి ఇంట్లో చేసుకునే కుంకుమ.

పద్మావతికి ఫోన్ చేశాను. "ఏమ్మా, దీనికి ఏం పూజలు చేశారు?"

ఆమె అవతల నవ్వింది. "ఆయుధపూజ అన్నా. మా నాయన చేసేవాడు."

ఆయుధపూజ రోజు మా వైపు కదిలే ప్రతి వస్తువుకూ బొట్టు పెడతారు. ట్రాక్టర్, లారీ, మోటారు, కొడవలి, పిల్లల సైకిలు, ఏదీ వదలరు. ఆ ఇంట్లో పూజ చేసేది వాళ్ళ నాయన హనుమంతరెడ్డి. ఆయనదొక పట్టుదల. బొట్టు బానెట్ మీద, బంపర్ మీద పెట్టి ఊరికే దండం పెట్టుకుంటే ఆయనకు నచ్చదు. నాగలికైతే కర్రుకు పెట్టాలి, బండికైతే ఇంజన్‌కు పెట్టాలి. ఏ యంత్రానికైనా పని చేసే చోటే బొట్టు. పద్మావతి ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడు తన గేము కూడా తెచ్చి ట్రాక్టర్ పక్కన పెట్టిందట. "అది ఆటబొమ్మ నాయనా, దానికి పూజేంది?" అని వాళ్ళన్న నవ్వాడట. "మా పాప చేత పట్టి నడిపేది. మిషనే," అని హనుమంతరెడ్డి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడట. పని చేసే చోటు ఏదని ఆయనకు ఆ పిల్ల క్యాసెట్ దిగే గాడి చూపించింది. మూత మీద ఒక బొట్టు, గాడిలో వేలు పెట్టి ఇంకొకటి, పైన పసుపునీళ్ళు. పెళ్ళై దోణిమలైకి పోయేదాకా ఏటేటా ఇదే పూజ.

"ఆ కుంకుమే దీన్ని చెడగొట్టిందని నాయనతో మాత్రం అనొద్దన్నా," అంది పద్మావతి. "ఆయనకు నేను గేము ఆడటం మీద ఎవరేమన్నా కోపమొచ్చేది. ఊర్లో ఆడపిల్లలు ఆడేదా అని అనేవాళ్ళు. ఆ బొట్టు పెట్టినంక ఎవురూ అనలేదు."

అప్పుడర్థమైంది నాకు, మూత మీది మరక ఆమెకు ఏమిటో. మిషన్‌ను ఎలాగైనా నడిపించి తీరాలని ఆ నిమిషంలోనే పట్టు పట్టాను. ఫేక్ అట. ఇంత పూజ అందుకున్న మిషన్ ఒరిజినల్ పుట్టిన ఆ జపాన్‌లో కూడా ఉండదు.

కనెక్టర్‌ను బోర్డు నుంచి ఊడదీశాను. పిన్నుల సందుల్లో కుట్టుసూదితో ఒక్కొక్కటిగా గీకి, కడిగి, ఆరబెట్టాను. సున్నానికి, తేమకు బోర్డు మీది సన్నటి రాగిగీత ఒకటి తినేసి ఉంది. దాని స్థానంలో వెంట్రుకంత వైరు వేసి సోల్డర్ చేశాను. మూత మీది బొట్టు జోలికి మాత్రం పోలేదు. క్యాసెట్ పెట్టి స్విచ్ నొక్కితే తెర నల్లబడి, తర్వాత ఇటుక గోడలు, వాటి మధ్య చిన్న చిన్న ట్యాంకులు కనబడ్డాయి. నేను ఒక్కణ్ణే ఉన్నాను అంగడిలో. అయినా ఏదో అరిచినట్టున్నాను, పక్క అంగడి టైలరు తొంగిచూసి పోయాడు.

తీసుకుపోవడానికి పద్మావతి వచ్చిన రోజు వెంట హనుమంతరెడ్డి కూడా వచ్చాడు. ఇప్పటికీ సొంతంగా ట్రాక్టర్ తోలే మనిషి. నా ఎదుట స్టూల్ మీద కూర్చుని నేరుగా అడిగాడు.

"గాదిలింగప్పా, దీనికి ఏం రోగం?"

పద్మావతి ఆయన వెనక నిలబడి తల అడ్డంగా ఊపుతోంది. కానీ అంత సూటిగా అడిగిన మనిషికి అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"మీరు గాడిలో పెట్టిన కుంకుమే రెడ్డీ," అన్నాను.

ఆయన మిషన్‌ను చేతిలోకి తీసుకుని గాడిలోకి తొంగిచూశాడు. పద్మావతి నన్ను కొట్టేలా చూస్తోంది. చివరికి ఆయన మీసం దువ్వుకుని, "అయితే తప్పు కుంకుమది గాదు, చోటుది," అన్నాడు. "పెట్టేది మాత్రం నిలిపేది లేదు. యాడ పెట్టాల్నో నువ్వు చెప్పు."

"మూత మీద పెట్టండి, ఎంతైనా పెట్టండి," అన్నాను.

ఆదివారం నేను కూడా హాలుకు వెళ్ళాను. రిపేరు చేసినవాణ్ణిగా కాదు, గొడవైతే పక్కన నిలబడదామని. పద్మావతి మిషన్‌ను తెచ్చి మధ్యబల్ల మీద పెట్టింది. సందీప్ వచ్చాడు. చెడ్డవాడు కాదు, మర్యాదగానే మాట్లాడాడు.

"మేడం, క్లోన్లకు ఆ మూల బల్ల ఉంది. ఇంకోటి, ఈ ఎర్ర మరక తుడిపించి ఉంటే కండిషన్ బాగుండేది. రెండు నిమిషాల పని."

"తుడిచేది లేదు," అంది పద్మావతి. "మూలకు పోయేదీ లేదు."

"రూల్ అందరికీ ఒకటే కదా మేడం."

"సరే. ఈడ ఉండే వాళ్ళల్ల చిన్నప్పుడు ఒరిజినల్ మీద ఆడినోళ్ళు ఎంతమంది ఉండారో చెయ్యెత్తమను. ఒక్కరు ఎత్తినా నేను మూలకు పోతా."

ఆమె పెద్దగా అనలేదు. కానీ హాలు చిన్నది. బల్లల దగ్గరివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బ్యాంకులో పనిచేసే ఒకాయన తన అద్దాలు తుడుచుకున్నాడు. నేను సందీప్ చేతులే చూస్తున్నాను. అవి జేబుల్లోంచి బయటికి రాలేదు.

"నాదీ క్లోనే మేడం," అన్నాడు చివరికి. "మా మామ గుంతకల్లు నుంచి తెచ్చాడు."

"ఇంగేంది మల్ల?" అంది ఆమె.

మిషన్ మధ్యబల్ల మీదే ఉండిపోయింది. సందీప్ పట్టు వదల్లేదు, 'క్లోన్' అని ఒక చీటీ రాసి దాని ముందు పెట్టాడు. తీసేద్దామా అన్నట్టు చూశాను. "ఉండనీ అన్నా, సిగ్గేముంది," అంది పద్మావతి. ఆ రోజంతా జనం ఆ బల్ల దగ్గరే ఉన్నారు. ఆమెతో ట్యాంకుల ఆట ఆడి గెలిచినవాణ్ణి నేను చూడలేదు. సందీప్ మళ్ళీ మళ్ళీ వచ్చి ఓడిపోయాడు.

ఆయుధపూజకు నన్ను రూపనగుడికి రమ్మన్నారు. వాకిట్లో ట్రాక్టర్లు, లారీ, బంతిపూల దండలు, పగలగొట్టడానికి గుమ్మడికాయ. ట్రాక్టర్ పక్కన వెనకటిలాగే పీట వేసి దాని మీద గేము పెట్టారు. హనుమంతరెడ్డి కుంకుమ గిన్నె పట్టుకుని వచ్చి, పాత మరక మీదే కొత్త బొట్టు పెట్టాడు. అక్కడితో ఆగి నా వైపు తిరిగాడు.

"మూత మీద పెడితి. గాడిలో వద్దంటివి. మరి ఇది పని చేసే చోటు ఇంగ యాడుండాది గాదిలింగప్పా?"

నేను నోరు తెరిచేలోపు పద్మావతి ముందుకొచ్చి రెండు చేతులూ చాచి, బటన్లు నొక్కే బొటనవేళ్ళు పైకెత్తింది. ఆయన ఒక్క క్షణం ఆ వేళ్ళ వైపు చూశాడు. తర్వాత కర్రుకు పెట్టినంత శ్రద్ధగా ఒక్కో వేలికీ బొట్టు పెట్టాడు. నాకు కళ్ళు తడిశాయి, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

ఇప్పటికీ నా అంగడికి మిషన్లు తువ్వాళ్ళలో చుట్టుకుని వస్తూనే ఉన్నాయి. "ఇది ఒరిజినలేనా, కొంచెం చూసి చెప్పండి," అంటారు. నేను మూత విప్పకముందే, దీని మీద ఎవరు ఆడారో చెప్పమంటాను. దానికి జవాబు ఉంటే, నా బల్ల మీద అది ఒరిజినలే.